‘పికప్పింగ్’ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: అమ్మా, బుడ్డోడి పికప్పింగ్ అయిపోనాది. సింధియా కాడ టేంకరు బేకింగ్ అవతంది. డ్రాపింగ్ లేటవుద్ది.

అవతారిక: విశాఖ మల్కాపురంలో ఒకానొక మిట్టమధ్యాహ్నం, బడి ఆటో నడిపే కవి ఓ తల్లికి ఫోనులో వినిపించిన గద్యమిది. మూలంలో లేనిదేదీ రాయనని వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిన పూనాడు. మాకా నిష్ఠ లేదు, ముందే చెబుతున్నాం.

ప్రతిపదార్థం: అమ్మా = ఓ తల్లీ; బుడ్డోడి = ఒకటో తరగతి చదువుచున్న చిరంజీవి యొక్క; పికప్పింగ్ = బడి గేటు వద్ద ఎక్కించుకొనుట; అయిపోనాది = అయిపోయినది (గిడుగు రామమూర్తి పుట్టిన ఉత్తరాంధ్ర పాఠం, దిద్దరాదు); సింధియా కాడ = సింధియా కూడలి వద్ద; టేంకరు = చమురు లారీ; బేకింగ్ అవతంది = వెనుకకు వచ్చుచున్నది; డ్రాపింగ్ = ఇంటి వద్ద దించుట; లేటవుద్ది = ఆలస్యమగును.

స్థల విశేషం: సింధియా అన్నది గ్వాలియర్ రాజుగారి మీద భక్తితో పెట్టిన పేరు కాదు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ 1941లో ఇక్కడ ఓడల కార్ఖానాకు పునాది వేసింది. 1948లో నెహ్రూ వచ్చి ‘జల ఉష’ ఓడను నీళ్ళలోకి దించాడు. 1952లో యార్డు హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది గానీ ఆటోవాళ్ళ నోట కూడలి సింధియాగానే మిగిలిపోయింది. ఇక టేంకరు ఎక్కడిదంటే, 1957లో కాల్టెక్స్ పెట్టిన, ఇప్పుడు హెచ్‌పీసీఎల్ నడుపుతున్న రిఫైనరీది.

పూర్వపక్షం: ‘పికప్పింగ్’ అపశబ్దం. ఇంగ్లీషులో ఇంగ్ ప్రత్యయం ధాతువుకే అంటాలి, ‘అప్’ అనే తోక ఆ వెనక రావాలి. కనుక ‘పికింగ్ అప్’ అనాలి. పైగా కర్మ సర్వనామమైతే ధాతువుకీ తోకకీ నడుమ ఇరుక్కుని కూర్చోవాలి, షేరాటోలో మూడో మనిషిలాగా: ‘పికింగ్ హిమ్ అప్’. ఈ ఆక్షేపణ చేసింది ఆ తల్లి ఆడపడుచు, ఇంగ్లీషు టీచరు.

సిద్ధాంతం: కాదు. అర్థాన్ని తిప్పే ముక్క సంస్కృతంలో ముందుంటుంది. హారం ముందు ‘ఆ’ పెడితే భోజనం, ‘వి’ పెడితే షికారు, ‘సం’ పెడితే చావు. ఇంగ్లీషువాడు ఆ ముక్కను వెనక కట్టాడు. తెలుగుకీ వెనక కట్టడం కొత్తేం కాదు. ‘లేచి వెళ్ళింది’ అంటే కుర్చీ ఖాళీ అయింది. ‘లేచిపోయింది’ అంటే ఊరంతా గుప్పుమంది. అయితే మనం రెండు ముక్కల్నీ ఒకే ధాతువుగా చూసి ప్రత్యయాన్ని చిట్టచివర తగిలిస్తాం. ‘లేచిపోవడం’ అంటాం, ‘లేవడం పోయి’ అనం. మన కవి చేసిందీ అదే: ‘పికప్’ను ధాతువన్నాడు, చివర ఇంగ్ చేర్చాడు, పకారాన్ని ఒత్తి పలికాడు. మాటలు దొరవి, వ్యాకరణం మనది. ఆ మాటకొస్తే దొరలు కూడా నామవాచకం దగ్గరికొచ్చేసరికి బహువచనాన్ని చివరే అంటించి ‘పికప్స్’ అంటారు. టీచరుగారు మాత్రం మర్నాడు అదే ఆటోని ఆపి “పికప్పింగ్‌కి నెలకెంత తీసుకుంటావు బాబూ?” అని అడిగినట్టు వినికిడి.

అలంకారం: ‘బేకింగ్’లో శ్లేష. లారీ వెనక్కి రావడం ఒకటి. దాని వెనక బళ్ళు బారులు తీరడం రెండోది. ఇక్కడ ఇంగ్లీషు ‘అప్’ లోపించింది. ఆ లారీని అక్కడ ఎవరూ ఏమీ అనకుండా దానికి ఎవరిదో ‘బేకింగ్’ ఉండడం మూడోది. రొట్టెలు కాల్చడమని రాసిన వ్యాఖ్యాత ఊరికి కొత్త.

‘డ్రాపింగ్’లో ‘ఆఫ్’ లోపం. వ్యాకరణంలో లోపమంటే కనబడకపోవడమే, లేకపోవడం కాదు. ఆ ‘ఆఫ్’ నిజంగానే లేదనుకుంటే డ్రాపింగ్ అంటే జారవిడవడం. ఏ తల్లీ ఒప్పుకోదు. ఉందనుకుంటే దింపడంతోపాటు కునికిపాటు అనే అర్థమూ వస్తుంది. బుడ్డోడు అప్పటికే కవిగారి సీటు మీద తల వాల్చేశాడు గనుక ఆ అర్థమూ చక్కగా అన్వయిస్తుంది.

తాత్పర్యం: పిల్లాడు ఆటోలో ఉన్నాడు, నిద్రపోతున్నాడు. లారీ కదిలేదాకా ఆటో కదలదు. అన్నం ఇప్పుడే వడ్డించకండి.