తెలిసిందనుకున్న పిడుదు

పిడుదుల గురించి నాకెవరూ చెప్పనక్కర్లేదనుకున్నాను. నన్ను ముంచింది ఆ ధీమాయే. పల్లెలో పెరిగినవాణ్ణి. గేదె చెవుల్లోనూ పొదుగు పక్కనా పట్టిన పిడుదుల్ని పీకి రాయి మీద చిదమడం చిన్నప్పుడు నా పని. న్యూయార్క్ నగరంలో స్టాటెన్ ఐలాండ్‌కు కాపురం వచ్చాక పార్కు మొదట్లో పిడుదులున్నాయి జాగ్రత్త అన్న బోర్డు చదివాను. పొడుగు ప్యాంటు వేసుకోమని నా భార్య చెప్పింది. "మనం చూడని పిడుదులా?" అని నిక్కరుతోనే నడిచాను.

నేను చూడని పిడుదే అది. నల్లకాళ్ల పిడుదు పిల్లదశలో గసగసం గింజంత ఉంటుంది. మే నుంచి జులై దాకా దాని జోరు. ఎగరదు, దూకదు. రాలిన ఆకుల్లోనో గడ్డికొస మీదో ముందుకాళ్లు చాపి కాచుకుంటుంది. కుడితే నొప్పి తెలియదు, దాని లాలాజలంలోనే మొద్దుబార్చే గుణం ఉంది.

ఊరి నడుమ, బెంచీలూ ఉయ్యాలలూ ఉన్న పార్కులో రోగమేమిటనుకోవడం నా రెండో తెలివితక్కువతనం. చెట్లున్న జాగా ముక్కలైనకొద్దీ వేటాడే జంతువులు పోయి తెల్లపాదాల ఎలుకలు మిగులుతాయి. గుడ్డు నుంచి బయటపడ్డప్పుడు పిడుదులో, దాని కాటుతో మనిషికి వచ్చే లైమ్ వ్యాధి సూక్ష్మజీవి ఉండదు. మొదటిసారి ఎలుక రక్తం తాగినప్పుడు ఎక్కుతుంది, తరువాతి కాటుతో మనిషికి దిగుతుంది. పెద్ద పిడుదులు బతికేది జింకల మీద. స్టాటెన్ ఐలాండ్‌లో జింకలు ఎంతగా పెరిగాయంటే, 2016లో నగరపాలన మగజింకలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టింది. ఇవన్నీ నా ఇంటి చుట్టూ జరుగుతున్నవే. నేను పట్టించుకోలేదు.

ఒకనాడు మోకాలి వెనక పిడుదు కనిపించింది. పాత అలవాటుకొద్దీ గోళ్లతో లాగి నలిపేశాను. కొన్నాళ్లకు అక్కడ ఎర్రటి వలయం లేచింది. తామర అనుకుని తామర మందు రాశాను. తామరైతే దురద పెడుతుంది కదా, ఇదెందుకు పెట్టడం లేదని కూడా ఆలోచించలేదు. వలయం దానంతటదే పోయింది, తగ్గిందని సంతోషించాను. చలికాలానికి మోకాలు వాచి మెట్లెక్కలేకపోయాను. రక్తపరీక్ష చేసి డాక్టరు లైమ్ అన్నారు. నెలపాటు డాక్సీసైక్లిన్ మింగాను. వలయం కనబడ్డ రోజునే వెళ్లి ఉంటే మోకాలిదాకా వచ్చేది కాదు.

1975లో కనెక్టికట్‌లోని లైమ్ ఊరి చుట్టుపక్కల పిల్లలకు ఇలాగే మోకాళ్లు వాచాయి. పాలీ మరే అనే తల్లి ఊరుకోలేదు. ఇంతమందికి ఒకేసారి ఎందుకొచ్చిందని పట్టుబట్టి అడిగింది. పరిశోధకులు కదిలారు. 1981లో విల్లీ బర్గ్‌డోర్ఫర్ అనే శాస్త్రవేత్త పిడుదు పొట్టలో మెలికలు తిరిగిన ఆ సూక్ష్మజీవిని చూశాడు. ఏమీ తెలియని చోట ఆమె అడిగింది. బోర్డు పెట్టి చెప్పిన చోట నేను వినలేదు.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి ఉంది. పల్లెలో మా ఇంటి జెర్సీ ఆవు జ్వరంతో, ఎర్రటి మూత్రంతో చనిపోయినప్పుడు, అది పిడుదులు తెచ్చిన బెబీసియా అనే పరాన్నజీవి జబ్బు అని పశువుల డాక్టరు చెప్పాడు. ఇంత పురుగు అంత ఆవును చంపుతుందా అని మేం దిష్టి అనుకున్నాం. పశువుల్లో ఆ జబ్బును పిడుదులే మోస్తాయని థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే శాస్త్రవేత్తలు 1893లోనే రుజువు చేశారు. ఆ జాతికే చెందిన మరో బెబీసియా ఇక్కడి నల్లకాళ్ల పిడుదులో ఉంది, మనుషులకు వస్తుంది. అంటే నా అనుభవం నన్ను హెచ్చరించకపోలేదు, నేనే దాన్ని తప్పుగా గుర్తుపెట్టుకున్నాను.

వేసవిలో అమ్మానాన్నల్ని పిలిపించుకుని పొద్దున్నే పార్కులకు పంపే మనవాళ్లకు నా మనవి. కాలిబాట మధ్యలోనే నడవమనండి. ఇంటికి రాగానే స్నానం చేయించి, మోకాళ్ల వెనక, చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక చూడండి. పిడుదు కనిపిస్తే కిరోసిన్, అగ్గిపుల్ల వద్దు. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా పైకి లాగండి. లైమ్ సూక్ష్మజీవి పిడుదు పొట్ట నుంచి మన ఒంట్లోకి దిగడానికి మామూలుగా ఒక రోజుకు పైనే పడుతుంది. ఆలోపు తీసేస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. తీశాక 72 గంటల్లోపు డాక్టరును కలవండి, అవసరమనుకుంటే ఒక్క మోతాదు మందుతో ఆపే వీలుంది. ఎర్ర వలయం కనిపిస్తే మాత్రం సొంత వైద్యం చేయకండి.