తాడు పద్యం: సటీకా తాత్పర్యం

మూలం

తాడు చూసి కొనుము, తడిమి యెన్నుము ముందు
మట్టి కడుగు మెండ మాడకుండ
ముడిని లాగి చూడు మొగమాట పడకుండ
బావమరిది పట్ట, బావ, యెక్కు

అవతారిక

ఈ ఆటవెలది కర్త ఆళ్లగడ్డ నివాసి. కాలం 2022 ఏప్రిల్ 4 తర్వాతిది, అంటే నంద్యాల జిల్లా ఏర్పడ్డాక. టీకాకారుడూ ఆయనే కాబట్టి కవిహృదయం మీద తగాదా లేదు. కాయ కోసమో కల్లు కోసమో కాకుండా ఊరికే చెట్టెక్కి దిగడం ఇందులో విషయం. అమెరికాలో, అట్లాంటా నగరంలో, పీటర్ జెంకిన్స్ అనే ఆయన 1983లోనే దీనికొక సంఘం పెట్టాడు. మనవాళ్లు మాత్రం ఊరికే చెట్టెక్కేవాణ్ణి ఎన్నడూ నమ్మలేదు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికి అన్నవాడే దొరికిన సాక్షి.

టీక

తాడు = రజ్జువు. నిఘంటువులో ‘తాడు’కు తాటిచెట్టు అనే అర్థం కూడా ఉంది, రెంటికీ బహువచనం తాళ్లే. కనుక తాటిచెట్టును చూసి కొనుమని కొందరు అన్వయిస్తారు. అది పొసగదు. కొన్న చెట్టును మూడో పాదంలో ముడి వేయలేము.

చూసి = కంటితో. తడిమి = వేళ్లతో. కొన్న తర్వాత ఎన్నడమేమిటని ఆక్షేపణ. ‘ముందు’ అన్న పదాన్ని కవి చివర పెట్టడం వల్ల వచ్చిన చిక్కిది. యతికి తలవంచి అలా రాశాడు గానీ, అంగట్లో ముందు తడిమే కొన్నాడు. నంద్యాల అంగట్లో తాడు అడిగితే “ఎద్దుకా, బోరు మోటరుకా?” అన్నారు. “చెట్టెక్కడానికి” అంటే “ఏం కాయలు?” అన్నారు. కాయలేం లేవు, ఊరికే, అన్నాక మాట సాగలేదు.

అక్కడ కొబ్బరి పీచు తాడుంది, ప్లాస్టిక్ తాడుంది, కిలో లెక్కన తూచి ఇస్తారు. ఆ ప్లాస్టిక్ పాలీప్రొపిలీన్. నీళ్లలో తేలుతుంది, మోటరుకు చాలు. మనిషికి చాలదు. ఎండకు పెళుసెక్కుతుంది, నంద్యాల ఎండ 44 డిగ్రీలు దాటే రోజుల్లో మరీను. పైగా 160 డిగ్రీలు దాటగానే కరుగుతుంది. తాడు మీద తాడు రాసుకుంటూ మనిషి జర్రున దిగితే ఆ వేడి పుట్టడం వింతేమీ కాదు. గోగునార తాడు మరొకటి. గోంగూర జాతి మొక్కే, ఆకు పచ్చడికి, నార తాటికి. పూర్వులు ఆ మొక్కలో ఏదీ వదల్లేదు. అయినా వానలో తడిసి మూల పడితే లోపలే కుళ్లుతుంది, పైకి తెలియదు. చెట్టెక్కేవాళ్లు వాడేది నైలాన్ లేదా పాలిస్టర్ తాడు, 11 నుంచి 13 మిల్లీమీటర్ల లావు, చాలావాటికి లోపల గుజ్జులా పోగుల కట్ట, పైన అల్లిన తొడుగు. తడమమన్నది ఆ తొడుగు కోసమే. గజం గజం వేళ్ల మధ్య జారవిడిస్తే, ఎక్కడైనా మెత్తగా పల్లంగా తగిలితే లోపలి కట్ట తెగిందన్నమాట. అది ఇక పలుపుకు పనికొస్తుంది.

మట్టి = ఇక్కడ నల్లరేగడి అని గ్రహించాలి. దానితో వచ్చిన ఇసుక రేణువు పోగుల్లో దూరి ప్రతి లాగుకూ కోస్తుంది. చన్నీళ్లు, కాస్త సబ్బు. బండకేసి బాదరాదు, బ్లీచింగ్ పౌడర్ తగలరాదు. ఎండ మాడకుండ = నీడన.

ముడి = ఎనిమిది ముడి. ఇది 8 ఆకారంలో ఉండాలి. మాతృభాషాభిమానంతో ౮ ఆకారంలో వేస్తే ముడి పడదు, మనిషి పడతాడు. దీనికి తోడు ప్రూసిక్ ముడి. ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో లోకానికి చెప్పింది. సన్న తాటి ఉచ్చును లావు తాటికి చుడితే, బరువు పడ్డప్పుడు బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది. అప్పు తీసుకున్నవాడి స్వభావానికి సరిగ్గా తిరగేసిన స్వభావం.

మొగమాట పడకుండ = ముడి ఎవరు వేసినా లాగి చూడాలని భావం. వేసినవాడు “నామీద నమ్మకం లేదా?” అంటాడు. లేదనాలి.

బావమరిది పట్ట = బావమరిది పట్టుకొని ఉండగా. ఈ పద్యానికి ప్రాణం ఈ మాట. నల్లమల చెంచులు కొండతేనె కోసం చరియ అంచు నుంచి తాటిమీద దిగుతారు. పైన తాడు పట్టేవాడు భార్య అన్నో తమ్ముడో అయి ఉండాలన్నది వాళ్ల వాడుక. కారణం సూటిగా చెబుతారు, వాడు తన తోడబుట్టినదాన్ని విధవను చేసుకోడు. దాయాది చావుకోరు, బావమరిది బతుకుకోరు అని మనం సామెతగా వాడి వదిలేసిన దాన్ని వాళ్లు పనిముట్టుగా వాడుకున్నారు. ఇక్కడ శ్లేష. చేతిలో ఉన్నది నారతాడు, దాని కొసన వేలాడుతున్నది తోబుట్టువు పుస్తెలతాడు. ఎన్ని మిల్లీమీటర్ల నైలానుకూ ఈ పూచీ రాయించలేము.

ఆళ్లగడ్డవాళ్లకు ఇది మరింత దగ్గర. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పెళ్లాడాడు కాబట్టి చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. కనుమనాడు మొదలయ్యే పార్వేటలో స్వామి నలభై రోజులకు పైగా పల్లకీలో మా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి తన కల్యాణానికి పిలుస్తాడు. ఆ పల్లకీకే చెంచులు బాణం ఎక్కుపెట్టే ఆచారమూ ఉంది. బావ అన్నాక ఆ మాత్రం చనువు.

బావ = సంబోధన. యెక్కు = స్పష్టం.

తాత్పర్యం

స్పష్టం. పోయిన ఆదివారం పొలం గట్టున చింతచెట్టు మీద ఇరవై అడుగులు ఎక్కి కిందికి చూశాను. బామ్మర్ది తాడు కుడిచేత పట్టి, ఎడమచేత ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

“ఎవరితోరా?”

“అక్క బావా. తాడు ఎవరు పట్టినారని అడుగుతాంది.”