పావలా నిర్యాణ సూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము:
పావలాయును, పావలాకు లోఁబడిన నాణెములును 2011 జూన్ 30 మొదలు చెల్లవు.

అవతారిక: ఇది భారత ప్రభుత్వము 2010 డిసెంబరున వెలువరించిన ప్రకటనకు సారము. గెజిట్టు భాష యతిప్రాసలకు లొంగదు గావున సూత్రప్రాయముగా కుదించితిమి. పూర్వము రూపాయికి పదునారణాలు, అణాకు నాలుగు కానీలు. 1957 ఏప్రిల్ 1న నూరు నయా పైసల లెక్క వచ్చి వానిని త్రోసిరాజన్నది. ఏడేండ్లకే ఆ 'నయా' కూడ పాతబడి రాలిపోయెను.

ప్రతిపదార్థము: పావలాయును = ఖడ్గమృగపు బొమ్మ గల ఇరువదియైదు పైసల బిళ్లయును; పావలాకు లోఁబడిన నాణెములును = ఆరు పలకల ఇరువది, అంచు అలలు తిరిగిన పది, నలుపలకల అయిదు మొదలగునవియును; 2011 జూన్ 30 మొదలు = 29వ తేదీన బ్యాంకు కౌంటరు మూయువఱకు మార్చుకొనవచ్చునని ధ్వని; చెల్లవు = చట్టము దృష్టిలో గూడ చెల్లవు. 'గూడ' మూలమున లేదు, వ్యాఖ్యాత చేర్చినాడు.

తాత్పర్యము: కొట్టాయన ఏనాడో వద్దన్నదానిని ఢిల్లీ ఆలస్యముగా వద్దన్నది.

ఆక్షేపము: అట్లయిన చచ్చినదానిని మరల చంపుట పునరుక్తి దోషము కాదా?

సమాధానము: కాదు. పావలా ప్రాణము బజారుననే పోయినది. పావలా చిల్లర అడిగినవానిని కండక్టరు వింతగా చూచెను. పచారీ కొట్టున చిల్లరకు మారుగా చాక్లెట్టు చేతిలో పడెను. బిచ్చగాడు సైతము త్రిప్పి యిచ్చెను. ప్రభుత్వము మరణ ధ్రువపత్రముపై సంతకము చేసినది, అంతే. అయినను పైస యొక్క ఆత్మ నశింపలేదు. పెట్రోలు బంకు బోర్డుపై, కరెంటు బిల్లులో, బ్యాంకు వడ్డీలో అది నేటికిని నిరాకారముగా వెలుగుచున్నది.

విశేషములు: అర్ధరూపాయి స్థితి విచిత్రము. అది నేటికిని చెల్లును. 2011 నాటి నాణేల చట్టము ప్రకారము అర్ధరూపాయలతో పది రూపాయల వఱకు చెల్లింపవచ్చును. సందేహముగలవారు ఇరువది బిళ్లలు మూటగట్టి టీ కొట్టుకు పోవుదురు గాక! చట్టము వారి పక్షము. టీ మాత్రము రాదు. పది రూపాయల బిళ్ల కథయు నిట్టిదే. అన్ని రకములును చెల్లునని రిజర్వు బ్యాంకు పలుమార్లు మొత్తుకొన్నది, మన జిల్లాలలో కొట్టువారు అది వినినట్లు లేదు. వారే అసలైన గవర్నర్లని వ్యాఖ్యాత మతము.

అమెరికా టంకశాలలో సెంటు నాణెము తయారీకి 3.69 సెంట్లు వ్యయమయ్యెను. లాభమునకై పూనుకొనగా ఉన్నదియు పోవుటను ఆలంకారికులు విషమాలంకారమందురు. అచ్చటి ఖజానా వారు అనేక సంవత్సరములు దానిని ఆస్వాదించి, 2025 నవంబరు 12న ఫిలడెల్ఫియాలో చాలించిరి. కెనడావారు అంతదాక ఆగలేదు. సెంటుకు 1.6 సెంట్లు కాగానే మేల్కొని, 2012 మే 4న విన్నిపెగ్‌లో కడపటి బిళ్లను కొట్టిరి. తరువాత నగదు బిల్లును అయిదు సెంట్లకు సరిచేయుచు, కార్డువారివద్ద సెంటుతో సహా వసూలు చేయుచున్నారు.

ఉత్తమగతి పొందినవి మాత్రము ఆస్ట్రేలియా బిళ్లలు. 1992లో ఒకటి, రెండు సెంట్లను చలామణి నుండి తీయుట మొదలిడి, అట్లు పోగైనవానిని కరిగించి 2000 నాటి సిడ్నీ ఒలింపిక్సు కాంస్య పతకములలో పోసిరి. ఆ పతకములలో ఒకటి మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి మెడను అలంకరించెను. ఇది ఏ భాష్యకారుడును గమనింపని విశేషము. 240 కిలోలు ఎత్తినందుకు ఆమెకిచ్చిన కంచు, నేలపై పడిన ఎవరును వంగి ఎత్తని సెంట్లు కరిగిన కంచే.