మేళంలో నేనూ ఉన్నాను

మేళంలో ఎవరి కళ్లయినా ముందు సన్నాయి మీద పడతాయి, తర్వాత డోలు మీద. తాళం వేసే కుర్రాణ్ణి కూడా ఎవరో ఒకరు చూస్తారు. నన్ను మాత్రం ఎవరూ చూడరు. నేను శ్రుతిపెట్టెను. పామూరులో ఒక డోలు వాయించే పెద్దాయన ఇంట్లో ఉంటాను. ముహూర్తాలున్న నెలల్లో పెళ్లిపందిళ్లలో, మూఢంలో అటక మీద నా కాపురం. నా రీడ్లు గుజరాత్‌లోని పాలితానా నుంచి వచ్చినవని పెద్దాయన గొప్పగా చెబుతుంటాడు. ఎక్కణ్ణించి వస్తేనేం, నాకు వచ్చిందల్లా సా, పా, పై సా. తానా అంటే తందానా అనేవాడికి కూడా నాకంటే ఒక అక్షరం ఎక్కువే వచ్చు.

నాకు ముందు ఈ చాకిరీ ఒత్తు చేసేది. చూపులకు సన్నాయే గానీ వేళ్లు ఆడించి పలికించే పని ఉండదు. పట్టుకున్నవాడు బుగ్గల్లో గాలి నిలబెట్టుకుని, ముక్కుతో పీలుస్తూ నోటితో వదులుతూ, వాయిద్యం ఆగేదాకా ఒకే స్వరం ఊదాలి. నేనొచ్చాక ఆ బుగ్గలకు విశ్రాంతి దొరికింది. ఇప్పుడు మీట నొక్కితే మోగే ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చి నాకు విశ్రాంతి ఇవ్వాలని చూస్తున్నాయి. తిత్తి మూల చిరిగిన చోట పెద్దాయన సైకిల్ ట్యూబు ముక్క అంటించాడు. ఊపిరి కొంచెం పోతుంది, శ్రుతి పోదు.

అందరూ నన్ను వదిలేసి మాట్లాడే ఈ 'మేళం' అన్న మాట సంగతి నాకు బాగా తెలుసు. దాని పుట్టుకలో చప్పుడు లేదు. కలవడం, కూడడం అని అర్థమిచ్చే సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. 1550లో విజయనగరంలో రామామాత్యుడు 'స్వరమేళకళానిధి' రాసినప్పుడు మేళమంటే మనుషుల గుంపు కాదు, స్వరాల కూర్పు. 17వ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి 'చతుర్దండీ ప్రకాశిక'లో లెక్కవేసి 72 మేళాలు తేల్చాడు. తమాషా ఏమిటంటే ఆ శాస్త్రమేళంలో స్వరాలన్నీ ఒకేసారి మోగవు, ఒకదాని వెనక ఒకటి వస్తాయి.

మనుషులు కూడితే అయ్యేది ఇంకో మేళం. మేళం కట్టి ఊరూరా తిరిగిన కూచిపూడి భాగవతులు ఈ తోవ వాళ్లే. తంజావూరు దగ్గర మేలట్టూరులో భాగవత మేళం నేటికీ నరసింహ జయంతికి తెలుగు నాటకమే ఆడుతుంది. అచ్యుతప్ప నాయకుడి కాలంలో అగ్రహారాలిస్తే వెళ్లి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల వారసత్వం అది. ఆడేది మగవాళ్లే, ఆడవేషాలతో సహా. దేవదాసీల ఆటపాటల బృందాలనూ మేళమనే పిలిచేవారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ నిషేధ చట్టం తెచ్చాక గుళ్లలో ఆ ఆట ఆగిపోయింది. అప్పటికి పామూరు నెల్లూరు జిల్లాలో ఉంది కాబట్టి ఆ చట్టం ఇక్కడా చెల్లింది. మేళం పోయింది గానీ మాట పోలేదు. జనం నోళ్లలో తిట్టయి నిలిచింది. ఇందులో మాట చేసిన తప్పేమిటో నాకు అర్థం కాదు.

ఇప్పుడు పామూరులో మేళమంటే సన్నాయి, డోలు, తాళం. ఇక్కడ మదన వేణుగోపాలస్వామికీ, వల్లీ భుజంగేశ్వరస్వామికీ కూడా మొక్కుతారు కాబట్టి మాకు ఇద్దరు దేవుళ్ల పని. సన్నాయి విషయంలో మా వైపు తక్కువేం లేదు. శ్రీరంగంలో స్థిరపడి తమిళుల చేతనే శభాష్ అనిపించుకున్న షేక్ చినమౌలానా సాహెబ్ 1924లో పుట్టింది ఒంగోలు దగ్గరి కరవదిలో.

పెళ్లిలో నాకు ఇష్టమైన ఘడియ ఒకటుంది. అయ్యవారు మంగళసూత్రం చేతికిస్తూ మా వైపు తిరిగి "గట్టిమేళం! గట్టిమేళం!" అంటాడు. అప్పటిదాకా తీరిగ్గా రాగం తీస్తున్న సన్నాయి పైస్థాయికి ఎగురుతుంది, పెద్దాయన రెండు చేతులూ డోలు మీద విరుచుకుపడతాయి. "అబ్బయా, తిత్తి ఆపొద్దు!" అని నా పక్కన కూర్చునే మనవడికి కేక. ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, అశుభం మాటా పీటల మీదికి వినపడకూడదని ఆ హోరు. ఆ క్షణాన నేనున్నట్టు నాకే వినపడదు.

బ్యాండు వాళ్లు వచ్చినా క్లారినెట్టుకు, ట్రంపెట్టుకు పాత పేరే అంటించి 'బ్యాండు మేళం' అన్నారు. ఈ మధ్య 'జాబ్ మేళా' అని ఫ్లెక్సీలు కూడా చూస్తున్నా. అదీ మా చుట్టమే, హిందీ ఇంటికి వెళ్లి దీర్ఘంతో తిరిగొచ్చింది.

మొన్న ఒక పెళ్లివారు బేరానికి వచ్చారు. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టి, "సన్నాయికి సరే, డోలుకు సరే, తాళానికీ సరే. పెట్టె కాడ కూర్చునే పిల్లోడికి కూడా డబ్బులేంది? వాడు వాయించేదేముంది?" అన్నారు.

పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అట్టాగే తీసేద్దాం లేయ్యా. సన్నాయి ఎక్కడ పట్టాలో మీరు పక్కన కూర్చుని 'సా' అంటా ఉండండి, తలంబ్రాలయ్యేదాకా."

పిల్లోడి డబ్బులు లెక్కలో కలిశాయి.