పదిహేడో నంబర్ పరోటా

రోల్ నంబర్ 17 పదేళ్ళ తర్వాత పరోటా సెంటర్ పెడతాడని రాసినందుకు వాళ్ళమ్మగారు బడికి ఫోన్ చేసి ప్రిన్సిపాల్‌ని నిలదీశారట. ప్రిన్సిపాల్ క్లాస్ టీచర్ని నిలదీశారు, క్లాస్ టీచర్ మా మేనకోడల్ని, మేనకోడలు నన్ను. వారం నుంచి మా ఇంట్లో ఇదే గొడవ.

"మావయ్యా, నువ్వు రాసింది మార్చాలంట."

"మార్చి ఏం రాయమంటారే?"

"ఏదైనా. పరోటా మాత్రం ఉండకూడదంట."

పదో తరగతి ఫేర్‌వెల్‌లో ఒక్కొక్కరి ఫోటో తెర మీద వేసి, పదేళ్ళకి వీళ్ళేమవుతారో రెండు ముక్కలు తమాషాగా చదువుతారట. ఇంట్లో రాసేవాడొకడు ఊరికే కూర్చుని ఉన్నాడు కదా అని పని నాకు తగిలించారు. నవ్వు రావాలి, అంతే అన్నారు. ఆ మాట నమ్మాను. పదిహేడో నంబర్ ఎలాంటివాడే అనడిగితే, "రోజూ బాక్సులో పరోటాలు తెస్తాడు మావయ్యా, సగం క్లాసుకి వాడే పెడతాడు, వాడికి చివరికి ఒకటి మిగిలితే ఎక్కువ" అంది. అంత మంచి మనిషికి అంతకంటే మంచి భవిష్యత్తు నాకు తోచలేదు. సాయంత్రం ఆరింటికి పెనం వేడెక్కుతుంది, ఏడింటికి నిలబడ్డానికి చోటుండదు, షేర్వా అడిగినవాడికి అడిగినంత. డబ్బుకీ లోటుండదు. వాళ్ళమ్మగారికి మాత్రం నర్సరీ నుంచి కట్టిన ఫీజులు కళ్ళముందు తిరిగాయి.

పదిహేడుతో అయిపోలేదు. ప్రతి పరీక్షకీ పక్కవాణ్ణి పెన్నడిగే 23వ నంబర్ పెన్నుల ఫ్యాక్టరీ పెడతాడని రాశాను. అది ప్యాసయింది గానీ, ముందు "ఐఐటీలో చదివి" అని చేర్చమన్నారు. ఏడాదంతా నోరు విప్పని 31వ నంబర్ అమ్మాయి రేడియోలో పొద్దున్నే ఊరంతటినీ నిద్రలేపుతుందన్నాను. దాన్ని కొట్టేసి "న్యూరో సర్జన్" అని రాశారు. న్యూరో సర్జన్ అంటే నవ్వెక్కడొస్తుందో ఆ టీచరమ్మగారినే అడగాలి. రోజూ ఆలస్యంగా వచ్చే నాలుగో నంబర్ అమ్మాయి తన పెళ్ళికి తనే ముహూర్తం దాటాక వస్తుందన్నాను. దాని పక్కన ఎర్ర సిరాతో "పెళ్ళి మాట వద్దు" అని ఉంది. ఆ ఒక్కదానికీ నేను వాదించలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

మొత్తానికి తేలిందేమిటంటే, పదేళ్ళ తర్వాత ఈ పిల్లలకి అనుమతి ఉన్న ఉద్యోగాలు మూడు. సాఫ్ట్‌వేర్, డాక్టరు, కలెక్టరు.

ఈ కలెక్టరు సంగతి కాస్త తేల్చుకోవాలి. మొదటి రెండూ ఈమధ్య వచ్చిన జబ్బులు. కలెక్టరు జబ్బు మా రోజుల నుంచీ ఉంది. నేను చదివింది తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో. ఎంసెట్ మొదలయింది 1986లో, దానికి మూడు నాలుగేళ్ళ తర్వాత మా పది. వీడ్కోలు సభకి మండలాధ్యక్షుడు ముఖ్య అతిథి. ఆయన లేచి, మెడలో దండ తీసి బల్ల మీద పెట్టి, "మీలో ఒక్కరైనా కలెక్టరై ఈ బడికే ముఖ్య అతిథిగా రావాలి" అన్నాడు. చప్పట్లు. తర్వాత హెడ్మాస్టరుగారు లేచి, ఒక్కరు కాదు, అందరూ కలెక్టర్లు కావాలన్నారు. ఇంకా గట్టిగా చప్పట్లు. అప్పుడు మా నెత్తి మీద ఫ్యాను తిరగడం లేదు. నేను చేరినప్పటి నుంచీ తిరగలేదు. ఆ బడికి అవసరమైన పూర్వ విద్యార్థి కలెక్టరు కాదు, ఎలక్ట్రీషియన్. కానీ మీలో ఒకడు ఎలక్ట్రీషియన్ అయి ఈ బడికి రావాలని దీవించిన ముఖ్య అతిథిని నేనింతవరకూ చూడలేదు.

అప్పట్లో ఉమ్మడి రాష్ట్రానికి 23 జిల్లాలు. అంటే 23 కుర్చీలు. ఆ 23 కుర్చీల కోసం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి హైస్కూల్లో, ప్రతి ఫిబ్రవరిలో, ప్రతి పిల్లవాణ్ణీ దీవించేవారు. ఇన్ని దీవెనలు ఎక్కడో ఒకచోట పేరుకుపోక తప్పదు కదా. 2014లో రాష్ట్రం రెండయింది, అటు 13, ఇటు 10. 2016 దసరాకి తెలంగాణలో పది కాస్తా 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. అప్పటికి మొత్తం 59. పరిపాలనా సౌలభ్యం కోసమని ప్రభుత్వాలు చెప్పాయి గానీ, హెడ్మాస్టర్ల దీవెనల ఒత్తిడి తట్టుకోలేకే చేశారని నా అనుమానం.

అయినా చాలదు. ఏటా రెండు రాష్ట్రాల్లో కలిపి పది రాసేవాళ్ళు పదిలక్షలకి పైనే. దేశం మొత్తానికి ఐఏఎస్‌లోకి ఏడాదికి తీసుకునేది సుమారు 180 మందిని. అందులో బీహారువాళ్ళుంటారు, కేరళవాళ్ళుంటారు, వాళ్ళకీ హెడ్మాస్టర్లుంటారు, వాళ్ళూ దీవించే ఉంటారు. మా హెడ్మాస్టరుగారి దీవెన పాట్నా హెడ్మాస్టరు దీవెనతో ఢిల్లీలో తలపడాలి. మా సారు గొంతు మంచిదే గానీ, మైకు లేకపోతే మూడో బెంచీ దాటేది కాదు.

పోనీ, అందరి దీవెనలూ ఫలించాయనే అనుకుందాం. మా సెక్షను సెక్షనంతా కలెక్టర్లయ్యారు. బడి వార్షికోత్సవానికి అందరూ వచ్చారు. అందరూ వేదిక మీదే కూర్చోవాలి, కింద ఎవరూ మిగల్లేదు. "హలో, మైక్ టెస్టింగ్" అనేవాడు కలెక్టరు. షామియానా కర్రలు పాతేవాడు కలెక్టరు. బూందీ, మిక్చరు కాగితాల్లో పొట్లాలు కట్టేదీ కలెక్టరే. సోమవారం గ్రీవెన్సులో అర్జీ పట్టుకునొచ్చేవాడూ కలెక్టరే, తీసుకునేవాడూ కలెక్టరే. వాళ్ళలో సీనియరు లేచి పిల్లలతో ఏమంటాడు? మీరూ కలెక్టర్లు కావాలనే అంటాడు. ఫ్యాను మాత్రం తిరగదు.

సరే, ఫేర్‌వెల్‌కి వద్దాం. మా కాలంలో భవిష్యత్తు చెప్పే పని చివరి బెంచీవాళ్ళది. గులాబి, పసుపు, ఆకుపచ్చ కాగితాల ఆటోగ్రాఫ్ పుస్తకం ఒకటి చేతులు మారుతూ తిరిగేది. అభిమాన నటుడు, ఇష్టమైన రంగు, ఆశయం. కింద ఖాళీ జాగాలో స్నేహితుడి జోస్యం. నీకు బట్టతల మొగుడొస్తాడు. నువ్వు తెనాలిలో సినిమాహాల్లో టికెట్లు చింపుతావు. నువ్వు పదో తరగతిలోనే ఉండిపోతావు, మా పిల్లలకి క్లాస్‌మేట్‌వి అవుతావు. ఎవరి తల్లీ ఫోన్ చెయ్యలేదు, ఫోనుంటే కదా. ఎవరి తండ్రీ ఆ పుస్తకం తెరవలేదు. చివరి పరీక్ష అయ్యాక గేటు బయట చెల్‌పార్క్ సిరా ఒకరి చొక్కా మీద ఒకరు విదిలించుకునేవాళ్ళం. దానికి మాత్రం ఇంట్లో వీపు విమానం మోత మోగేది. చొక్కా కొన్నది నాన్న. భవిష్యత్తు మీద అప్పటికింకా ఎవరూ డబ్బు పెట్టలేదు. అందుకని దాని మీద ఎన్ని జోకులేసినా చెల్లేది.

ఇప్పుడు పెట్టారు. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులకి పెట్టారు. అసలు ఈ పిల్లలు ఎవరికి వీడ్కోలు చెబుతున్నారో నాకు అంతుపట్టదు. సగం మందికి ఇంటర్ సీటు ఖాయమైపోయింది, అదీ అదే యాజమాన్యం వాళ్ళ కాలేజీలో, రెండు వీధుల అవతల. పదో తరగతి పరీక్ష ఇంకా రాయనే లేదు, జనవరి నుంచే మా చెల్లెలికి కాలేజీల పీఆర్వోలు ఫోన్లు. అదే మేనేజ్‌మెంటు, అదే పసుపురంగు బస్సు, బహుశా అదే డ్రైవరు. మధ్యలో కన్నీళ్ళు, చీరలు, ఫోటోల కోసం కట్టిన పూల గోడ, "మిస్ ఫేర్‌వెల్" అని రాసిన పట్టీ, వీటన్నిటికీ కలిపి ఫేర్‌వెల్ ఫీజు. పాడబోయే వీడ్కోలు పాట స్టూడెంట్ నంబర్ 1 లోదట. ఆ సినిమా వచ్చింది 2001లో. ఈ పిల్లలు అప్పటికి పుట్టనే లేదు. వాళ్ళకి ఏడవడానికి సొంత పాట కూడా లేదు, అదీ మనదే.

నాలుగో నంబర్ సంగతి చెబుతానన్నాను. మా క్లాసులో మొదటి బెంచీ అమ్మాయి ఒకామె ఉండేది. లెక్కల్లో ఆమెని దాటినవాడు లేడు. నా ఆటోగ్రాఫ్ పుస్తకంలో ఆశయం దగ్గర "లెక్చరర్" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఆ మార్చిలో పరీక్షలు, మేలో ఆమె పెళ్ళి. ఫలితాల రోజున పేపర్లో హాల్ టికెట్ నంబర్లు వెతుక్కుంటుంటే ఫస్ట్ క్లాసు వరసలో ఆమెది కనపడింది. చెబుదామంటే ఊళ్ళో లేదు, అత్తవారింటికి వెళ్ళిపోయింది. అందరి భవిష్యత్తూ చెప్పిన మా చివరి బెంచీవాళ్ళు ఇది చెప్పలేదు. కలెక్టరు కమ్మని దీవించిన హెడ్మాస్టరుగారికీ మండలాధ్యక్షుడుగారికీ సంబంధం కుదిరిన సంగతి తెలుసు, శుభలేఖ అందింది. వాళ్ళూ ఏమీ అనలేదు. ఆమె పేజీ కింద నేను ఏం జోకు రాశానో నాకిప్పుడు గుర్తులేదు. గుర్తొచ్చినా ఇక్కడ చెప్పను.

పదిహేడుకి కొత్త వాక్యం రాసిచ్చాను. "ఆహార రంగంలో అంతర్జాతీయ పారిశ్రామికవేత్త." వాళ్ళమ్మగారు చాలా సంతోషించారట, ఆ స్లయిడ్ ఫోటో తీసి బంధువుల గ్రూపులో కూడా పెట్టారట. కుర్రాడు మాత్రం మా మేనకోడల్ని పక్కకి పిలిచి, పాతదే బావుందని, బోర్డు మీద "పదిహేడో నంబర్ పరోటా" అని పెడితే ఎలా ఉంటుందో మీ మావయ్యని కనుక్కోమన్నాడు. చాలా బావుంటుందని కబురు పంపాను.

పదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక మనవి. ఈ ఫిబ్రవరిలో మీవాడు సెలూన్ పెడతాడనో, మీ అమ్మాయి లారీ నడుపుతుందనో స్టేజీ మీద ఎవరైనా చదివితే, వాళ్ళతోపాటు మీరూ కాసేపు నవ్వండి, బడికి ఫోన్ చెయ్యకండి. చెయ్యకుండా ఉండలేకపోతే, ఆ ఫేర్‌వెల్ ఫీజు సంగతి అడగండి.