క్లిక్కు దూరంలో పోటీ, చెక్కు దూరంలో పోటీదారు

ఇంటర్నెట్ సెర్చ్ వ్యాపారానికి ఒక మూలసూత్రం ఉంది: పోటీ ఎప్పుడూ ఒక్క క్లిక్కు దూరంలోనే ఉంటుంది. గూగుల్ ఈ సూత్రాన్ని పదిహేనేళ్లుగా వల్లిస్తోంది. 2011 సెప్టెంబరులో ఆ కంపెనీ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్ ఎరిక్ ష్మిట్ అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు కూర్చుని చెప్పిన మాట కూడా ఇదే. ఫలితాలు నచ్చని వాళ్లు మరో సైటుకు వెళ్లిపోవచ్చు, కాళ్లకు అడ్డం పడేవాళ్లు లేరు, కనుక గుత్తాధిపత్యం అనే ప్రశ్నే పుట్టదు. ఇంత తేలికైన సూత్రాన్ని కాదనడానికి అమెరికా న్యాయశాఖకు ఏళ్లకేళ్లు, లక్షల కాగితాలు ఎందుకు పట్టాయో మొదటి చూపులో అర్థం కాదు.

దూరం కొలవాలంటే కొలబద్ద కావాలి. పోటీ దూరానికి హైదరాబాద్ పాతబస్తీలోని లాడ్ బజార్‌ను మించిన కొలబద్ద దొరకదు. చార్మినార్ నుంచి పడమటికి సాగే ఈ వీధిలో లక్క గాజుల కొట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇక్కడ పోటీ దూరం అక్షరాలా ఒక్క అడుగు. ధర నచ్చక కొనేవాళ్లు లేచారంటే పక్క కొట్టు కుర్రాడు "ఆవో బాజీ, అందర్ దేఖో" అని పిలుస్తాడు. వెంటనే మొదటి కొట్టు యజమాని వెనక నుంచి కేకేసి రేటు తగ్గిస్తాడు. ఆ తగ్గింపు అతని ఉదార స్వభావం వల్ల వచ్చింది కాదు, ఆ ఒక్క అడుగు వల్ల వచ్చింది. పోటీ దగ్గరలో ఉంటే ధర కదులుతుంది. లాడ్ బజార్ నేర్పే అర్థశాస్త్రం ఇంతే.

సెర్చ్ ప్రకటనల్లో ధర కూడా కదులుతుంది, కాకపోతే పైకి. కారణం, అక్కడ సరుకు ఖరీదును వేలం తేలుస్తుంది. ఈ పద్ధతి గూగుల్ బుర్రలో పుట్టింది కాదు. 1998లో బిల్ గ్రాస్ నడిపిన గోటూ డాట్ కామ్ మొదటిసారిగా వెతికే మాటలను వేలానికి పెట్టింది. ఎవరు ఎక్కువ పాడితే వాళ్ల పేరు పైన, జనం నొక్కినప్పుడే డబ్బు. ఆ కంపెనీయే తర్వాత ఓవర్చర్ అయింది. గూగుల్ 2002లో ఇలాంటి వేలాన్ని తన యాడ్‌వర్డ్స్‌లో పెట్టింది. పేటెంటు తమదని ఓవర్చర్ కోర్టుకెక్కింది. 2003లో ఓవర్చర్‌ను యాహూ దాదాపు 163 కోట్ల డాలర్లకు కొనేసింది. 2004లో గూగుల్ యాహూకు 27 లక్షల షేర్లిచ్చి తగువు తీర్చుకుంది. ఆవిష్కరణ, దావా, కొనుగోలు, రాజీ అనే నాలుగు దశలూ ఇంత త్వరగా ముగిశాయి.

వేలం పాతబస్తీ దుకాణదారుకు ఎలా తగులుతుందో చూడాలి. లాడ్ బజార్‌లో పది జతలు కిందికి దింపించి, బేరమాడి, ఏమీ కొనకుండా లేచిపోయిన కుటుంబాన్ని కొట్టువాడు మనసులో తిట్టుకుంటాడేమో గానీ, వచ్చినందుకు ఎవరికీ పైసా కట్టడు. అదే కుటుంబం ఫోన్‌లో అతని ప్రకటన నొక్కి ఊరికే చూసిపోతే డబ్బు కట్టాల్సిందే. ఇక చాలా ఏళ్లుగా పేరున్న ఒక బిర్యానీ హోటల్ సంగతి తీసుకుంటే, ఆ పేరుతో వెతికిన మనిషికి మొదట కనిపించేది ఆ పేరు మీద పాడుకున్న మరెవరి ప్రకటనైనా కావచ్చు. హోటల్ పైన కనబడాలంటే తన పేరును తానే వేలంలో పాడుకోవాలి. తాతలు పెట్టిన పేరుకు మనవలు అద్దె కట్టే ఈ ఏర్పాటును పరిశ్రమ 'బ్రాండ్ రక్షణ' అంటుంది. అగర్వాల్ ప్యాకర్స్ వ్యవహారంలో ఢిల్లీ హైకోర్టు 2023 ఆగస్టులో ఈ పద్ధతిని పరిశీలించింది. ఇతరుల ట్రేడ్‌మార్కును కీవర్డ్‌గా వాడినంత మాత్రాన ఉల్లంఘన కాదంటూనే, ఈ ప్రకటనల వ్యవహారంలో గూగుల్ ఊరికే చూస్తూ కూర్చున్న సాక్షి కాదని, చురుగ్గా పాల్గొంటున్న పక్షమని తేల్చింది.

క్లిక్కు సిద్ధాంతానికి అసలు పరీక్ష 2007లో జరిగింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో గూగుల్ డబుల్‌క్లిక్‌ను 310 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. వెబ్‌సైట్లలో ఏ ప్రకటన ఎక్కడ కనిపించాలో నడిపించే యంత్రాంగం డబుల్‌క్లిక్‌ది. ఇది పోటీకి గొడ్డలిపెట్టు అని మైక్రోసాఫ్ట్ గగ్గోలు పెట్టింది. గగ్గోలు సద్దుమణగక ముందే, మే నెలలో, ఏక్వాంటివ్ అనే అలాంటి కంపెనీనే 600 కోట్ల డాలర్లకు పైగా పెట్టి తానూ కొంది. యాహూ రైట్ మీడియాను కొంది. లండన్ ప్రకటనల సంస్థ డబ్ల్యూపీపీ 24/7 రియల్ మీడియాను కొంది. అందరూ కొంటున్నారు కాబట్టి పోటీ ఉన్నట్టే అని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు నమ్మకం కలిగింది. డిసెంబరులో నలుగురు సభ్యులు డబుల్‌క్లిక్ కొనుగోలుకు సరేనన్నారు. పమేలా జోన్స్ హార్బర్ ఒక్కరే అడ్డం తిరిగారు.

మరుసటి సంవత్సరం పాత్రలు తారుమారయ్యాయి. 2008 ఫిబ్రవరి 1న మైక్రోసాఫ్ట్ యాహూను 4,460 కోట్ల డాలర్లకు అడిగింది. ఇప్పుడు ఇంటర్నెట్ స్వేచ్ఛ ఏమైపోతుందోనని బెంగపడే వంతు గూగుల్‌ది. బెంగతోనే అది జూన్‌లో యాహూతో సొంతంగా ప్రకటనల ఒప్పందం చేసుకుంది. ఈసారి పోటీ చచ్చిపోతోందని మైక్రోసాఫ్ట్ మళ్లీ వాపోయింది. న్యాయశాఖ దావా వేస్తానని బెదిరించాక నవంబరులో గూగుల్ చేతులెత్తేసింది. గురివింద గింజ సామెత తెలియని ఊళ్లలో ఇలాంటివి విధాన చర్చలుగా చెలామణి అవుతాయి. ఈ రంగంలో పోటీని కాపాడాలన్న తపన ప్రతి కంపెనీకీ ఉంది. ఎదుటివాడు కొంటున్నప్పుడు మాత్రమే అది పైకి తన్నుకొస్తుంది.

కొన్నవాళ్లు బాగుపడ్డారా అంటే అదీ లేదు. మైక్రోసాఫ్ట్ 2012లో ఏక్వాంటివ్ తాలూకు 620 కోట్ల డాలర్లను నష్టం కింద రాసేసింది, అంటే కొన్న సొమ్ము దాదాపు మొత్తం. 4,460 కోట్లు చాలవన్న యాహూ, అలీబాబా వాటాలు పక్కన పెట్టి అసలు వ్యాపారాన్ని 2017లో వెరైజన్‌కు 448 కోట్ల డాలర్లకు అమ్ముకుంది.

ఇక హైదరాబాద్ భాగం. గూగుల్ 2004లో భారత్‌లో అడుగుపెట్టింది బెంగళూరు, హైదరాబాద్ కార్యాలయాలతోనే. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచింది. ఫేస్‌బుక్ 2010లో భారతదేశంలో తొలి ఆఫీసు పెట్టిందీ ఈ ఊళ్లోనే. నగరానికి పడమర చివర ఈ ముగ్గురూ ఇరుగుపొరుగు. మంచి ఇంజినీరు కోసం వీళ్లు పడే పోటీ మాత్రం నిజంగానే లాడ్ బజార్ స్థాయిలో ఉంటుంది, జీతం రేటు వెనక నుంచి కేకేసి మరీ పెంచుతారు. అదే వీధుల నుంచి ఇరవై కిలోమీటర్ల అవతల చార్మినార్ దగ్గర ప్రకటన కొనే వ్యాపారికి ఆ కేకలు వినిపించవు.

ఈ ఊరి మనిషే క్లిక్కు సిద్ధాంతం మీద కోర్టులో సాక్ష్యం చెప్పాడు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల 2007 నుంచి కొన్నేళ్లు మైక్రోసాఫ్ట్ సెర్చ్, ప్రకటనల ఇంజినీరింగ్ చూశారు. 2014లో సీఈఓ అయ్యారు. గూగుల్ మీద న్యాయశాఖ వేసిన గుత్తాధిపత్య దావాలో 2023 అక్టోబరు 2న వాషింగ్టన్ కోర్టు ముందు ఆయన, వినియోగదారుకు ఎంపిక ఉందన్న మాట బూటకమని చెప్పారు. ఇప్పుడున్నది గూగుల్ వెబ్ మాత్రమేనని, ఐఫోన్‌లో తమ సెర్చ్ ఇంజన్ బింగ్‌ను ముందు వరసలో నిలపడానికి ఏటా వందల కోట్ల డాలర్లు నష్టపోవడానికైనా సిద్ధపడ్డామని వివరించారు. తొంభైలలో విండోస్‌లో సొంత బ్రౌజర్‌ను ముందే పెట్టి అమ్మిన కంపెనీ అధిపతి నోట ఈ మాట రావడం ఒక ముచ్చట. అయినా మాట అబద్ధం కాదు. ప్రపంచంలో అత్యంత విలువైన కంపెనీల్లో ఒకటి దాటలేకపోయిన ఆ ఒక్క క్లిక్కును గాజుల కొట్టు దాటగలదని నమ్మమంటోంది సిద్ధాంతం.

క్లిక్కు అంత దగ్గరుంటే, దాన్ని ఎవరూ నొక్కకుండా చూడటానికి ఖర్చెందుకు? ఈ ప్రశ్నకు జవాబు విచారణలోనే దొరికింది. ఫోన్లు, బ్రౌజర్లు తెరవగానే తన సెర్చే కనిపించేలా ఉంచినందుకు గూగుల్ ఒక్క 2021లోనే 2,630 కోట్ల డాలర్లు చెల్లించింది. అప్పటి మారకం రేటున అది రెండు లక్షల కోట్ల రూపాయలకు దగ్గర. తెలంగాణ ప్రభుత్వం 2021-22కు ప్రవేశపెట్టిన మొత్తం బడ్జెట్టే 2,30,825 కోట్లు. 2022లో ఒక్క యాపిల్‌కే 2,000 కోట్ల డాలర్లు ముట్టాయి. పర్యాటకుణ్ని ఎక్కించుకుని నేరుగా ఒకే ముత్యాల కొట్టు ముందు దించే ఆటో డ్రైవరుకు ఆ కొట్టు ఎంతో కొంత చేతిలో పెట్టడం పాతబస్తీలో కొత్తేమీ కాదు. అక్కడ దాన్ని కమీషన్ అంటారు, వినియోగదారుడి ఇష్టం అనరు. 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా కూడా అలా అనలేదు. గూగుల్ గుత్తాధిపతేనని, ఆ స్థానాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని తీర్పిచ్చారు.

డబుల్‌క్లిక్ కథ మరో కోర్టులో తేలింది. వెబ్‌సైటు తన ఖాళీ జాగాను అమ్ముకునే సాధనం గూగుల్‌ది. ప్రకటనదారు ఆ జాగా కొనుక్కునే సాధనమూ గూగుల్‌దే. రెండూ కలిసే సంత కూడా గూగుల్‌దే, ఆ సంతలో తీసుకునే వాటా నూటికి ఇరవై వరకు. అమ్మేవాడి తరఫు దలాలీ, కొనేవాడి తరఫు దలాలీ ఒకడే అయి, మార్కెట్ యార్డు కూడా అతని సొంతమైతే ఏమవుతుందో బేగంబజార్ హమాలీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. గూగుల్ ఉద్యోగే ఒకరు, ఇది ఒక పెద్ద బ్యాంకు న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీని కూడా సొంతం చేసుకున్నట్టు లేదా అని లోపల రాసుకున్న సందేశాన్ని న్యాయశాఖ తన ఫిర్యాదులో పెట్టింది. 2025 ఏప్రిల్ 17న జడ్జి లియోనీ బ్రింకెమా రెండు మార్కెట్లలో చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యం ఉందన్నారు. డబుల్‌క్లిక్‌ను కొనడం తప్పని మాత్రం రుజువు కాలేదని, ప్రచురణకర్తల సాధనాన్నీ సంతనూ కలిపి ముడివేయడమే తప్పని తేల్చారు. కొనుగోలు ప్రకటనకూ ఈ తీర్పుకూ మధ్య పద్దెనిమిదేళ్లు. ఈలోగా ఆ సంత మీద ఆధారపడి బతికిన వెబ్‌సైట్లెన్నో మూతపడ్డాయి, వాటికి తీర్పు చదివే తీరిక కూడా మిగల్లేదు.

భారతదేశంలో విషయం ఇంకా నిదానం. భారత్ మ్యాట్రిమొనీ, కట్స్ సంస్థలు 2012లో ఫిర్యాదు చేస్తే, కాంపిటీషన్ కమిషన్ 2018 ఫిబ్రవరిలో 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ వ్యవహారంలో 1,337.76 కోట్లు వేసింది. ఆన్‌లైన్ ప్రకటనల మీద 2016లో వచ్చిన ఆరు శాతం ఈక్వలైజేషన్ లెవీకి జనం పెట్టిన పేరు 'గూగుల్ ట్యాక్స్'. చట్టం ప్రకారం దాన్ని మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాల్సింది మాత్రం ప్రకటన ఇచ్చిన వ్యాపారి. 2025 ఏప్రిల్ 1 నుంచి అదీ రద్దయింది. తెలుగు వెబ్‌సైట్లకు గూగుల్ ప్రకటనల ఆదాయం అధికారికంగా మొదలైందే 2018 చివర్లో. అంటే భాషకు సంతలో చోటు దొరికేసరికి సంత యజమాని ఎవరో తేలిపోయి పదేళ్లయింది.

స్వదేశీ ప్రత్యామ్నాయం మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు 2020 మంచి సంవత్సరం. ప్రకటనల మార్కెట్లో బద్ధ ప్రత్యర్థులైన ఫేస్‌బుక్, గూగుల్ ఆ ఏడాది రిలయన్స్ వారి జియో ప్లాట్‌ఫామ్స్‌లో వాటాలు కొన్నాయి. ఒకటి 43,574 కోట్లు పెట్టింది, ఇంకొకటి 33,737 కోట్లు. మరుసటి ఏడాది, 2021 జులైలో, ఊరూరా దుకాణాల వివరాలు చెప్పే జస్ట్ డయల్‌ను కొంటున్నట్టు రిలయన్స్ రిటైల్ ప్రకటించింది. అంటే లాడ్ బజార్ వ్యాపారి గూగుల్‌తో విసిగి ఫేస్‌బుక్‌కు, అక్కడా విసిగి జస్ట్ డయల్‌కు మారాడనుకుంటే, మూడు క్లిక్కుల్లో ఒకే బోర్డురూము చుట్టుపక్కలే తిరిగాడన్నమాట.

ఇక సెర్చ్ దావాలో 2025 సెప్టెంబరు 2న జడ్జి మెహతా పరిష్కారాల తీర్పు వచ్చింది. క్రోమ్ బ్రౌజర్‌ను అమ్మనక్కర్లేదన్నారు. వేరేవాళ్లకు చోటివ్వకూడదనే షరతుతో ఒప్పందాలు కుదుర్చుకోకూడదు గానీ, ముందు వరస కోసం డబ్బు చెల్లించడం ఆపనక్కర్లేదన్నారు. కృత్రిమ మేధ వచ్చి పోటీ మళ్లీ పుట్టిందన్న వాదనకు ఆ తీర్పులో బరువు దక్కింది. మర్నాడు గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ షేరు తొమ్మిది శాతం పెరిగింది.