పొడుగు పేరు సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం:
సాక్స్: రిటర్న్ ఎర్రర్ ఇఫ్ హోస్ట్‌నేమ్ టూ లాంగ్ ఫర్ రిమోట్ రిజాల్వ్.

అవతారిక: మూలంలో లేనిదీ, అక్కర్లేనిదీ రాయనని కొలిచెలమ మల్లినాథసూరి వ్యాఖ్య మొదలుపెట్టే ముందే ఒట్టేసుకున్నాడు. నాకంత నిగ్రహం లేదు కనుక కాస్త వెనక్కి పోతాను. స్వీడన్ వాసి డానియెల్ స్టెన్‌బర్గ్ 1996లో, చాట్‌రూములో తాను నడిపే బాట్‌కు కరెన్సీ మారకపు రేట్లు తెచ్చిపెట్టడానికి ఒక బుల్లి ప్రోగ్రాం చేతికి తీసుకున్నాడు. అది పేర్లు మార్చుకుంటూ వచ్చి 1998 మార్చిలో కర్ల్ అయింది. 2000లో దాని కడుపున లిబ్‌కర్ల్ అనే లైబ్రరీ పుట్టింది. ఒకచోటి ఫైలును మరోచోటికి చేర్చడమే దీని కులవృత్తి. ఫోన్లలో ఉంది, కార్లలో ఉంది, టీవీల్లో ఉంది. అంగారకుడి మీద ఎగిరిన ఇంజెన్యుటీ హెలికాప్టర్ పుణ్యంలోనూ దీనికి పాలుంది.

ఈ గ్రంథానికి కొత్త ప్రతి వచ్చినప్పుడల్లా మార్పుల చిట్టా ఒకటి వెలువడుతుంది. అందులో రెండు కాండలు: చేర్పుల కాండ, దిద్దుబాట్ల కాండ. మొదటిది రెండు మూడు వరుసలు, రెండోది చదివేవాడి ఓపికకు పరీక్ష. 2023 అక్టోబర్ 11న వచ్చిన 8.4.0 చిట్టాలో ఐపీఎఫ్‌ఎస్ అనే కొత్త చేర్పు పెళ్లికొడుకులా పీట మీద కూచుంది. మన సూత్రం దిద్దుబాట్ల గుంపులో ఎవరి భుజం వెనకో నిలబడింది. ఆ రోజు లోకం వెతుక్కుంటూ వచ్చింది మాత్రం పెళ్లికొడుకు కోసం కాదు.

ప్రతిపదార్థం: సాక్స్ = కాళ్లకు తొడిగేవి కావు, బయటి ప్రపంచంతో నేరుగా మాట్లాడకుండా నడుమ ప్రాక్సీ అనే మధ్యవర్తిని పెట్టుకునే పద్ధతియందు (ఇక్కడ ఐదో రకం అని గ్రహించాలి); హోస్ట్‌నేమ్ = చేరవలసిన చోటి పేరు; రిమోట్ రిజాల్వ్ = ఆ పేరుకు అంకెల చిరునామా వెతికే పనిని ఆ మధ్యవర్తికే అప్పగించుట; టూ లాంగ్ ఫర్ = అందుకు పట్టనంత పొడుగు; ఇఫ్ = అయినచో; ఎర్రర్ = తప్పును; రిటర్న్ = తిరిగి ఇమ్ము.

వ్యాకరణ విశేషం: "ఇమ్ము" అన్నది విధ్యర్థకం. కోడు మార్పుల లెక్క రాసే గిట్ వాడే పనివాళ్లు, ఒక్కో మార్పుకు తగిలించే కమిట్ సందేశం మొదటి వరుసను ఆజ్ఞలాగే రాస్తారు. "దిద్దాను" అనరు, "దిద్దు" అంటారు. దిద్దినవాడు తెరవెనక్కి తప్పుకుంటాడు, ఆజ్ఞ మిగులుతుంది. కర్త ఎవరని కొందరు శంకిస్తారు. కోడే కర్త. మనిషి కర్త అన్న పక్షం కూడా ఒకటుంది, అక్కడికి తరువాత వస్తాను.

పొడుగంటే ఎంత పొడుగు? సాక్స్ ఐదో రకానికి ఆధారగ్రంథం ఆర్‌ఎఫ్‌సీ 1928. అది సంవత్సరం కాదు, పత్రం నంబరు. గ్రంథం పుట్టింది 1996లో. దాని ప్రకారం పేరు పంపే ముందు, ఆ పేరు ఎన్ని బైట్లో ఒకే ఒక బైటులో రాసి పంపాలి. ఒక బైటులో పట్టే పెద్ద అంకె 255. మా బావకు ఇంటిపేరు, తాతగారి పేరు, ఏడుకొండలవాడి పేరు, పురోహితుడు చెప్పిన పేరు అన్నీ కలిపి పెట్టారు. పదో తరగతి సర్టిఫికెట్లో గళ్లు చాలక దేవుడి పేరు నడుమున ఆగిపోయింది. పాతికేళ్లుగా ఏ ఆఫీసుకు వెళ్లినా సగం దేవుడే. ఈ సూత్రం మా బావకు చప్పున అర్థమవుతుంది.

ఆక్షేపణ: పేరు పట్టకపోతే పట్టదని చెప్పమనడం కూడా ఒక దిద్దుబాటేనా? అంతకుముందు ఏమనేది?

సమాధానం: అంతకుముందు కుదరదని అనేది కాదు. అదే జబ్బు. దాని పేరు మొహమాటం. పేరు 255 దాటిందని తెలియగానే కోడు "ఫర్వాలేదులెండి, ప్రాక్సీ ఎందుకు, నేనే వెతికి పెడతాను" అని ఆ పని తన మీద వేసుకునేది. వాడుకునేవాడు ప్రాక్సీయే వెతకాలని స్పష్టంగా అడిగాడు. తాను ఏ చోటికి పోతున్నాడో బయటికి పొక్కకూడదన్నది వాడి ఉద్దేశం కావచ్చు. పైగా పేర్లకు చిరునామాలు చెప్పే డీఎన్‌ఎస్ నియమాల ప్రకారం అసలు పేరే 255 బైట్లు దాటరాదు కనుక, ఇంట్లో వెతికినా దొరికే పేరు కాదు. అడగని ఉపకారం, అదీ జరగని ఉపకారం.

ఇంతటితో ఆగితే ఇది మొహమాటమే, ప్రమాదం కాదు. 2020 మార్చిలో వచ్చిన 7.69.0 కోసం స్టెన్‌బర్గ్ ఈ సాక్స్ ఘట్టాన్ని తిరగరాశాడు. పూర్వం ప్రాక్సీ జవాబిచ్చేదాకా ప్రోగ్రాం గుడ్లప్పగించి నిలబడేది. తిరగరాశాక, జవాబు ఆలస్యమైతే ఫంక్షన్ "మళ్లీ వస్తాను" అని వెళ్లి వేరే పనులు చూసుకుని, ఆపిన మెట్టు దగ్గర మళ్లీ అందుకుంటుంది. మంచి మార్పే, ఎవరూ కాదనలేరు. ఏ మెట్టు మీద ఆగిందో రాసిపెట్టుకునే ఏర్పాటు కూడా చేశాడు. "నేనే వెతుకుతాను" అన్న నిర్ణయాన్ని మాత్రం అందులో రాయలేదు. అది లోకల్ వేరియబుల్‌లో ఉండిపోయింది. గుమస్తా ముఖ్యమైన సంగతి అరచేతిలో పెన్నుతో రాసుకుని, భోజనానికి వెళ్లి, చెయ్యి కడుక్కుని వచ్చినట్టు.

తిరిగొచ్చేసరికి అరచెయ్యి ఖాళీ. వేరియబుల్ మళ్లీ "ప్రాక్సీయే వెతకాలి" అంటోంది. పొడుగు చూసే మెట్టు దాటిపోయింది కనుక మళ్లీ చూడదు. ఉదాహరణకు 300 బైట్ల పేరు వస్తే, పొడుగు రాసే బైటులో పడేది 44. ఆ వెనక బఫర్ అనే తాత్కాలిక పాత్రలోకి మోసుకెళ్లి పోసేది మాత్రం 300. అంతవరకు పోయినా ముప్పు లేదు, లైబ్రరీ బఫర్ మామూలుగా 16 కిలోబైట్లు. అంతకు మించిన పేరుతో, కావాలని, ఒక దొంగ సర్వర్ "ఫలానా చోటికి పో" అని దారి మళ్లిస్తే సోలలో కుంచెడు పోసినట్టే. ఒలికిన గింజలు పక్కవాడి మెమరీలో పడతాయి.

ఇందులో ఒక చమత్కారం. కమాండ్ లైన్ కర్ల్ బఫర్ 1,02,400 బైట్లు; కర్ల్ ఒప్పుకునే పేరు 65,535 దాటదు కనుక అక్కడ ఒలకదు. కానీ నెట్టు పొదుపుగా వాడదామని వేగానికి కళ్లెం వేసుకున్నవాళ్లకు బఫర్ కూడా చిన్నదై, వాళ్లు దొరికిపోయే వీలుండేది. జాగ్రత్తపరుడికే శిక్ష. ఇక 7.69.0 కంటే పాత ప్రతిని కదపకుండా వాడుకునే సోమరికి ఈ దోషం అంటలేదు.

ధ్వని: ఇంత కథలో ఒక్క ముక్కా మూలంలో వాచ్యంగా లేదు. దొంగ, కన్నం, మూడున్నరేళ్లు, ఏవీ లేవు. విడుదలకు వారం ముందు స్టెన్‌బర్గ్ "పెద్దదొకటి వస్తోంది" అని తేదీ చెప్పాడు, వివరం చెప్పలేదు. వివరం తెలిస్తే మందుకంటే ముందు దొంగ చేరతాడు. ఆ తరువాత మాత్రం తప్పు తనదేనని, ఎలా చేశాడో వరుసగా, బహిరంగంగా రాశాడు. మనిషి కర్త అన్న పక్షానికి ఇదే ప్రమాణం.

పాఠాంతరం: లినక్స్ లోకంలోని డెబియన్ సంప్రదాయంవారు కొత్త ప్రతి కోసం ఆగక, తమ దగ్గరున్న పాత ప్రతిలోనే ఈ సూత్రాన్ని అతికించుకున్నారు. అర్థభేదం లేదు.

తాత్పర్యం: ఓ కోడూ, పేరు పట్టకపోతే "కుదరదండీ" అను.

సత్కారం: కన్నం పట్టి చూపినవారికి ముట్టింది 4,660 డాలర్లు. కర్ల్ లోపాలకు అప్పటిదాకా ఇచ్చినవాటిలో అదే పెద్దది. అప్పటి మారకంలో మన లెక్కకు నాలుగు లక్షల రూపాయలకు కాస్త తక్కువ. అక్షరలక్షల పద్ధతిలో పంచి చూశాను. పొల్లులు ముందక్షరంలో కలిసిపోతాయి కనుక సాక్స్ ఒకటి, రి రెండు, టర్న్ మూడు. "ఎర్రర్" దగ్గరకొచ్చేసరికి ఖజానాలో లక్ష నిండలేదు.